పార్కింగు మాత్రం బ్రహ్మాండం

మా మామయ్య టూరిస్టు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ సోఫాలో కూర్చున్నప్పుడు ఎవరైనా అడ్డం వస్తే కుడికాలు బ్రేకు కోసం వెతుక్కుంటుంది. ఆయన చూడని చోటు లేదని మా చుట్టాలందరిలో పేరు. కోటలు, సరస్సులు, జలపాతాలు అన్నీ ఆయన నాలుక చివరే ఉంటాయి. భోజనానికి కూర్చుంటే ముద్ద చేతిలోనే ఎండిపోతుంది గాని కబుర్లు మాత్రం ఆగవు.

"ఆ జలపాతం ఉందే, అది ముందునుంచి చూసేది కాదర్రా. వెనక్కి వెళ్ళాలి. బండరాయి కింద అరుగులాంటిది ఉంటుంది. అక్కడ నిలబడితే ఎదురుగా నీళ్ళ తెర. అవతల లోకం ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది."

ఈ మాట వచ్చినప్పుడల్లా అత్తయ్య చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగిపోతుంది. ఆవిడ ముందుగదిలో బల్ల వేసుకుని వీధిలోవాళ్ళ బట్టలన్నీ ఇస్త్రీ చేస్తారు. మామయ్య వారాల తరబడి రోడ్లమీద ఉన్న రోజుల్లో ఇల్లునీ, కొడుకునీ, ఆ బల్లనీ ఒంటిచేత్తో లాక్కొచ్చిన మనిషి. ఊరు దాటింది లేదు. ఒక మధ్యాహ్నం జలపాతం కథ మళ్ళీ మొదలైంది. అత్తయ్య ఇస్త్రీ పెట్టెని నిలబెట్టి, దాని పక్కనే తనూ నిటారుగా నిలబడి, "నేనూ నిలబడతాను" అన్నారు.

"ఎక్కడమ్మా?" అన్నాడు మా ఆయన.

"ఆ నీళ్ళ వెనకాల. మీ నాన్న చూసినవన్నీ నేనూ చూడాలి. ఈ ఏడాదిలోనే."

మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. సంతోషం పట్టలేకనే అనుకున్నాను నేను. ఎంత తెలివైనదాన్నో!

ప్లాను నేను వేస్తానన్నాను. పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని ఎవరిని ఎప్పుడు రమ్మనాలో చూసుకునే ఉద్యోగం నాది. పన్ను పీకించుకునేవాడూ, కట్టించుకునేవాడూ గుమ్మంలో ఒకరికొకరు తగలకుండా రోజంతా సర్దగలను. నాలుగు కొండలూ రెండు సరస్సులూ నాకో లెక్కా? కానీ మామయ్య నొచ్చుకున్నారు.

"నాకు నువ్వు దారి చెప్తావా అమ్మాయ్? ఎన్నిసార్లు వెళ్ళొచ్చాను! ఏ చోటికి ఏ వేళకి వెళ్ళాలో నాకు తెలీదూ?"

అంత అనుభవమున్న మనిషితో వాదించడమెందుకని ఊరుకున్నాను. తాతకు దగ్గులు నేర్పడం నాకెందుకు!

బయల్దేరే రోజు పొద్దున అత్తయ్య ఉత్సాహం చూడాలి. మా అందరి బట్టలూ ఇస్త్రీ చేశారు సరే, చేతిరుమాళ్ళూ చేశారు, మేజోళ్ళూ చేశారు. అద్దెకి తెచ్చిన వ్యానులో డ్రైవరు పక్క సీట్లో ఎక్కి కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, "ఈయన నడిపే బండిలో ముందు కూర్చోవడం నాకిదే మొదలు తెలుసా?" అని మా ఇద్దరికీ ప్రకటించారు. స్టీరింగు పట్టుకోగానే మామయ్య వయసు సగానికి పడిపోయింది. వెనక సీట్లో నేనూ మా ఆయనా చిన్నపిల్లల్లా కిటికీల కోసం పోట్లాడుకున్నాం. నాకూ పెళ్ళయ్యాక ఇదే మొదటి సెలవు. క్లినిక్కులో పళ్ళు నూరే చప్పుడు లేని గాలి ఎంత బాగుందో!

మొదట కోట. మామయ్య వ్యానుని ఒక్క తిప్పు తిప్పి, గోడవార చెట్టు నీడలోకి నేతిలో వేలు పెట్టినంత సులువుగా దూర్చారు.

"చూశారా? ఒక్క బండి కూడా లేదు! సోమవారం ఎప్పుడూ ఇంతే. ఈ జాగా అంతా మనదే!"

జాగా అంతా మనదే. ఎందుకంటే కోట తలుపుకి నా తలకాయంత తాళం ఉంది. పక్కన బోర్డు మీద 'సోమవారం సెలవు' అని రాసి ఉంది.

"ఈ మధ్యే మార్చుంటారు" అన్నారు మామయ్య. బోర్డు మూలలు తుప్పు తినేసి, అక్షరాలు కూడా సగం రాలిపోయి ఉన్నాయి. ఈ మధ్య అంటే ఏ మధ్యో!

తాళం వేసిన తలుపు ముందు జనం మాత్రం ఏ లోటూ చెయ్యకుండా ఉచ్ఛిష్టాలు వదిలి వెళ్ళారు. కాగితపు కప్పులు, అరటి తొక్కలు, ఎవరిదో తెగిన చెప్పు. అత్తయ్య వాటిని దాటుకుంటూ వెళ్ళి తలుపు సందులోంచి ఒంటికన్నుతో చూశారు. లోపల ఒక కుక్క నిద్రపోతోంది.

"అద్దాల గది ఉందన్నారుగా. ఎటువైపండీ?"

"అదీ... అటు" అని మామయ్య చెయ్యి చాచారు. అటువైపు మరుగుదొడ్లు ఉన్నాయి. ఆ ముక్క గోడమీద ఇంత లావు అక్షరాలతో రాసే ఉంది. మా ఆయన నా మోచెయ్యి గిల్లాడు. నేను నవ్వాపుకున్నాను గాని, మనసులో ఏదో పురుగు మెదిలింది.

అత్తయ్య మాత్రం ఏమీ అనుకోలేదు. "పోనీలెండి, కోట ఎక్కడికి పోతుంది? సరస్సు ఉందిగా!" అని గబగబా వచ్చి సీట్లో కూర్చున్నారు. సంచీలోంచి దువ్వెన తీసి చేతిలో పట్టుకున్నారు. ఆ సరస్సు నీళ్ళు అద్దమేననీ, వంగి చూసుకుంటూ తల దువ్వుకోవచ్చనీ మామయ్య ఎన్నోసార్లు చెప్పారు. అందుకని ఆవిడ పొద్దున జడ కూడా వదులుగా అల్లుకున్నారు.

సరస్సుకి మిట్టమధ్యాహ్నం చేరుకున్నాం. ఎండ నడినెత్తిన నాట్యం చేస్తోంది. మామయ్య మళ్ళీ బ్రహ్మాండమైన నీడ పట్టారు. "మీరు చూసి రండి, నేను బండి దగ్గరుంటాను" అన్నారు. కోట దగ్గరా అదే మాట అన్నారు గాని, తాళం చూద్దామని మేమే ఈడ్చుకెళ్ళాం.

పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఏమిటో ఆ ఒడ్డున తెలిసింది. నీళ్ళకీ నేలకీ మధ్య ప్లాస్టిక్ సీసాలు కంచె కట్టినట్టు పేరుకుపోయాయి. చిప్సు పొట్లాలు, సంచులు, సగం తిన్న బన్నులు. 'చెత్త వేయరాదు' అన్న బోర్డు కిందే అన్నిటికంటే పెద్ద కుప్ప. పడవలవాళ్ళు పడవల్లోనే తువ్వాళ్ళు కప్పుకుని పడుకున్నారు. ఎండ దిగితేగాని కదిలేది లేదని ఒకాయన కళ్ళు తెరవకుండానే చెప్పాడు.

అత్తయ్య ఒక సీసాని కాలితో నెట్టి, వంగి, నీళ్ళలోకి చూశారు. ఒక పొట్లం తేలుతూ వచ్చి ఆవిడ మొహం ఉండాల్సిన చోట ఆగింది. "ఇంకాస్త అవతల బాగుంటుందేమో" అంటూ, దువ్వెన పట్టుకుని ఒడ్డు వెంట నడిచారు. మా ఆయన వెనకే వెళ్ళాడు.

నాకు ఒళ్ళు మండింది. పళ్ళ క్లినిక్కులో ఎవరైనా ఇలాంటి ప్లాను వేస్తే ఉద్యోగం ఊడేది! మామయ్యని కడిగేద్దామని విసవిసా వ్యాను దగ్గరికి వచ్చాను. వచ్చి ఆగిపోయాను. ఆయన వ్యాను మెట్టుమీద ఎక్కి, ఒక చేత్తో తలుపు పట్టుకుని, మునివేళ్ళమీద లేచి, ప్రహరీ అవతలికి మెడ సాచి చూస్తున్నారు.

"అమ్మాయ్! నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి?" అన్నారు ఆత్రంగా.

"అదేమిటి మామయ్యా? మీకు తెలీదా?"

"నీలం అంటారు చాలామంది. ఆకుపచ్చ అని ఒకావిడ మా బస్సులో గట్టిగా వాదించింది."

అన్న తర్వాత గాని ఏమన్నారో ఆయనకి తెలియలేదు. మెట్టు దిగి, వ్యాను బానెట్ మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టారు.

"మీరు... ఈ సరస్సు చూడలేదా?"

"బండి వదిలి ఎలా వెళ్తానమ్మా? ప్యాసింజర్ల సామానంతా లోపలే. టైర్లు చూసుకోవాలి, అద్దాలు కడగాలి, తెల్లవార్లూ నడిపిన కళ్ళు, కాస్త కునుకు తియ్యాలి. ఈలోగా వాళ్ళు వచ్చేసేవాళ్ళు. దారంతా చూసినవన్నీ చెప్పుకునేవాళ్ళు. నేను వినేవాణ్ణి."

"కోట? అద్దాల గది?"

"విన్నదే."

"ఆ నీళ్ళ వెనక అరుగు?"

ఆయన తల ఊపారు. "మొదటిసారి ట్రిప్పుకెళ్ళి ఇంటికొచ్చినప్పుడు మీ అత్తయ్య ఎదురొచ్చి, ఏం చూశారండీ అని అడిగింది. ఇంతేసి కళ్ళు చేసుకుని. బస్సు కడిగి పడుకున్నానే అనడానికి నాకు నోరు రాలేదు. రెండు ముక్కలు చెప్పాను. ఎంత సంబరపడిందో! ఇక ఆ తర్వాత ఆపడానికి సందు దొరకలేదు."

అప్పుడు నాకు ప్లాను మొత్తం అర్థమైంది. ఈయనకి తెలిసింది పార్కింగు ఒక్కటే! సోమవారం కోట దగ్గర ఖాళీ. మధ్యాహ్నం సరస్సు దగ్గర నీడ. మమ్మల్ని ఊళ్ళు తిప్పడం లేదు, బండిని నీడపట్టున తిప్పుతున్నారు!

"మామయ్యా, జలపాతానికి వేసవిలో ఎందుకు పెట్టారు?" అన్నాను భయపడుతూ.

"వానాకాలం అక్కడ పార్కింగంతా బురదమ్మా. టైర్లు దిగిపోతాయి."

నేను నెత్తి పట్టుకున్నాను.

"మీ అత్తయ్యకి చెప్పకు" అన్నారు, గొంతు తగ్గించి. "నేను ఏం చెప్పినా నమ్మిన మనిషి. అదంతా అబద్ధమని తెలిస్తే ఇక నా మొహం చూడదు. ఈ వయసులో నాకు ఆవిడ తప్ప ఎవరున్నారు చెప్పు?"

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన ఊరంతా చాటుతుంటాడు. అయినా ఆ ముసలాయన కళ్ళు చూసి మాటిచ్చేశాను. ఇచ్చానే గాని మింగలేక కక్కలేక నా అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. అత్తయ్య దువ్వెన సంచీలో వేసుకుంటూ వచ్చి, "సరస్సు ఈసారి బాగాలేదులే. పాపం, మీరు చూసినప్పుడు ఎంత శుభ్రంగా ఉండేదో!" అని మామయ్యనే ఓదార్చారు. ఆయన గేరు మార్చబోయి హారను కొట్టారు.

మర్నాడు పొద్దున్నే జలపాతానికి బయల్దేరాం. లాడ్జి గదిలో దుప్పట్లు ముడతలుగా ఉన్నాయని అత్తయ్య అరచేత్తోనే సాపు చేసి మడతపెట్టి మరీ వచ్చారు. దారిలో ఆవిడ ఊపుకి పగ్గాల్లేవు. మామయ్య చెప్పిన కథంతా మామయ్యకే తిరిగి చెప్పడం మొదలుపెట్టారు.

"మలుపు తిరగ్గానే ముందు చప్పుడు వినపడుతుంది, అంతేనా? తర్వాత గాలి చల్లబడుతుంది. మెట్ల చివర ఎడమవైపు వంగి వెళ్ళాలి, తల జాగ్రత్త. అంతేనా అండీ?"

"అంతే" అన్నారు మామయ్య, రోడ్డుమీంచి కళ్ళు తిప్పకుండా.

"నాకు గుండె దడదడలాడుతోందే అమ్మాయ్!" అని వెనక్కి తిరిగి నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. నాకూ దడగానే ఉంది, కారణం వేరు.

మలుపు తిరిగాం. చప్పుడేమీ వినపడలేదు. పార్కింగు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. నేల గట్టిగా, పొడిగా, పెద్ద చెట్ల కింద ఎక్కడ చూసినా నీడే. మేము దిగామో లేదో ఈల ఊదుకుంటూ పార్కింగు కాపలాదారు పరిగెత్తుకొచ్చాడు. మామయ్య ఈడువాడే.

"డ్రైవరన్నా! ఎన్నాళ్ళకెన్నాళ్ళకి! నీ జాగా ఖాళీగానే ఉంచాను చూడు! చాప పరవనా? కాస్త నడుం వాలుస్తావా?"

మామయ్య ఆయనకి కళ్ళతో ఏవేవో సైగలు చేశారు. ఆయన అవేవీ పట్టించుకోకుండా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. నేను మధ్యలోకి దూరి, "మెట్లు ఇటేనా అత్తయ్యా, పదండి పదండి" అన్నాను. ఆవిడ కదిలితేగా!

"పడుకోవడానికి రాలేదండీ ఈసారి. పైకి వెళ్తున్నాం" అన్నారు అత్తయ్య గర్వంగా. "నీళ్ళ వెనక అరుగుందటగా. ఈయన చూపిస్తారు."

"ఈయనా?" కాపలాదారు పగలబడి నవ్వాడు. "ఈయనకేం తెలుసమ్మా! ఇన్నేళ్ళలో ఒక్క మెట్టు ఎక్కిన పాపాన పోలేదు. బండి నేను చూస్తా, పోయి చూసిరా అన్నా అని నెత్తీ నోరూ కొట్టుకునేవాణ్ణి. వింటేగా! ఆ నీళ్ళ చప్పుడుకి జోల పాడినట్టు గుర్రుపెట్టి నిద్రపోయేవాడు."

నవ్వుతున్నవాడు మా మొహాలు చూసి ఆగిపోయాడు. అత్తయ్య మామయ్య వైపు తిరిగారు.

"ఎక్కలేదా?"

"లేదు."

"కోట?"

ఆయన తల అడ్డంగా ఊపారు.

"సరస్సు కూడా చూడలేదా?"

"నిన్న... గోడమీంచి కొంచెం కనపడింది."

మా ఆయన ఏదో అనబోతే నేను వీపుమీద ఒక్కటిచ్చాను. మామయ్యే మళ్ళీ, "నువ్వు లేకుండా ఒక్కణ్ణీ చూడాలనిపించలేదే" అన్నారు.

"ఇది ఏ ప్యాసింజరు చెప్పిన ముక్కండీ?"

మామయ్య చిన్నబోయారు. "బండికేమైనా అయితే ఉద్యోగం పోతుందని భయం" అన్నారు. ఈసారి నిజమే చెప్పారు. "నీకు ఆ కబుర్లంటే సంతోషమని చెప్పేవాణ్ణి."

"సంతోషమా?" అత్తయ్య గొంతు పార్కింగు చివరిదాకా వినపడింది. "ఈయన లోకమంతా చూసొస్తున్నాడు, నేను ఊళ్ళోవాళ్ళ చొక్కా కాలర్లు చూస్తూ కూర్చున్నాను అని ఎంత కుళ్ళుకున్నానో మీకు తెలుసా? మీరు చెప్తుంటే నవ్వుతూ వినేదాన్ని. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని. నా మొగుడి మీద నేనే ఏడ్చానండీ, ఇన్నేళ్ళూ! మీరూ ఏమీ చూడలేదని ఒక్క మాట చెప్పుంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం కదా!"

ఆ కథలు ఆవిడకి కానుకలనుకున్నారు మామయ్య. నేనూ అలాగే అనుకున్నాను. ఇస్త్రీ పెట్టె ఆగినప్పుడల్లా ఆవిడ ముచ్చటపడుతున్నారనుకున్న నా తెలివికి చెప్పుచ్చుకు కొట్టినట్టయింది.

ఇక ఇంటికి పోదామంటారనుకున్నాను. అత్తయ్య పమిట చెంగుతో మొహం తుడుచుకున్నారు. మెట్ల వైపు చూశారు. మామయ్య వైపు చూశారు. ఆవిడ మొహంలో ఏదో మారింది.

"అంటే మీరూ చూడలేదు" అన్నారు మెల్లగా. "అయితే నేనేం వెనకబడిపోలేదన్నమాట!"

"ఆఁ?" అన్నారు మామయ్య.

"ఆ తాళాలు ఆయనకిచ్చెయ్యండి. ఇంకా బండి పట్టుకుని నిలబడ్డారేం? కదలండి!"

ఆవిడ మెట్లెక్కడం మొదలుపెట్టారు. మామయ్య తాళాలు కాపలాదారు చేతిలో పెట్టి, పసిపిల్లని బడిలో దింపినవాడిలా వ్యానుకేసి రెండుసార్లు తిరిగి చూసి, ఆవిడ వెనక పరిగెత్తారు.

మెట్ల నిండా చెత్తే. సీసాలు, విస్తళ్ళు, పిల్లల డైపర్లు. నా నోటికొచ్చిన తిట్లన్నీ ఆ మెట్లకే ఖర్చయిపోయాయి. చివరికి పైకి చేరేసరికి నిలువెత్తు బండమీంచి సన్నగా, దారప్పోగులా నీళ్ళు. కింద మడుగులో చెప్పులు తేలుతున్నాయి.

"ఇంతేనా? మన కొళాయే నయం" అన్నాడు మా ఆయన ఫోను దించేస్తూ. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత దూరం, ఇంత ఆశ, ఇందుకా!

అత్తయ్య ఆగలేదు. ఎడమవైపు వంగి, తల కాచుకుంటూ, బండ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. తర్వాత కేక.

"ఉందండీ! అరుగుంది! నిజంగానే ఉంది! రండి, తొందరగా రండి!"

ఆవిడ గొంతులో అంత సంబరం నేనెప్పుడూ వినలేదు. మామయ్య చెప్పులు జారుతున్నా లెక్కచెయ్యకుండా దూరారు. వాళ్ళ వెనక నేనూ దూరాను. ఇద్దరు పట్టే చోటు. నేను మూలకి నక్కాను. మా ముందు ఆ సన్నని ధార ఎండలో తళతళలాడుతూ రాలుతోంది. దాని అవతల మెట్లు, చెత్త, చెట్లు, ఫోను పట్టుకున్న మా ఆయన, అన్నీ ఉన్నట్టూ లేనట్టూ కాదు, ఉన్నవి ఉన్నట్టే కనపడుతున్నాయి. గాలి వీచినప్పుడల్లా తుంపర మొహాలమీద పడుతోంది. అత్తయ్య రెండు చేతులూ చాచి పట్టుకుంటున్నారు.

మామయ్యకి ఉత్సాహం ఆగలేదు. అలవాటైన నోరు కదా!

"చూశావా? ముత్యాల తెర దించినట్టు, అవతల లోకమంతా..."

"మీరేం చెప్పక్కర్లేదు" అన్నారు అత్తయ్య, నీళ్ళమీంచి కళ్ళు తిప్పకుండా. "నేనూ ఇక్కడే ఉన్నాను."